పొగ మాన్పుటకు ప్రభుత్వ సాయము

(రైతు సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంట యింటికి చేరుచున్న ఈ దినములలో పొగను గూర్చి మాటలాడుట కొందరికి అప్రస్తుతముగా తోచవచ్చును. కాని ధాన్యము కల్లము దాటిన మరునాడే పొలములో పొగ లేచుచున్నది. కావున ఈ మాట చెప్పుటకు ఇదియే తగిన సమయమని మేము తలచితిమి.

కొన్ని యేండ్ల క్రిందట కాలువ క్రింది పల్లె యొకదానికి మేము పోయినపుడు, వరి కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టుచున్న ఒక రైతును చూచి, "ఎందుకయ్యా తగులబెట్టుచున్నావు? నేలకు చేటు గదా!" అని అడిగితిమి. అతడు కోపపడలేదు. "అయ్యా, నాకున్నది మూడెకరాలు. హార్వెస్టరు వచ్చి పోయింది. గడ్డి ఎత్తడానికి కూలీలు లేరు. కలియ దున్నించాలంటే ట్రాక్టరుకు ముందే డబ్బు కట్టాలి. పదిహేను రోజుల్లో నీళ్ళు వదులుతారు. నారు సిద్ధంగా ఉంది. నా చేతిలో ఉన్నది అగ్గిపెట్టె ఒక్కటే. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి" అనెను. ఆనాడు మా వద్ద సమాధానము లేకపోయెను. నేటి ఈ ప్రసంగము ఆ రైతునకు ఆలస్యముగా ఇచ్చుచున్న సమాధానమని భావింపుడు.

గడ్డిలో ఉన్న సిరి

మన తాతల నాడు వరిగడ్డిని కాల్చిన వాడు లేడు. కొడవలితో మొదలంట కోసి, కుప్ప వేసి, నూర్చి, గడ్డిని వామి వేసెడివారు. ఇంటి ముందరి గడ్డివామిని బట్టియే ఆ యింటి కలిమిని అంచనా కట్టెడివారు. ఇప్పుడు కోత హార్వెస్టరు చేతికి వచ్చినది. కూలీల కొరత తీరినది, పని గంటలలో ముగియుచున్నది, అది మేలే. కాని ఆ యంత్రము పైభాగమును కోసి, కొయ్యకాళ్ళను నిలువుగా విడిచి, నలిగిన గడ్డిని చాళ్ళుగా పారబోసి పోవును. పశువులు తగ్గిన యిండ్లలో ఆ గడ్డిని ఏరు వారు లేరు. అప్పుడు అగ్గిపుల్లయే చౌకగా కనిపించును.

అది నిజముగా చౌకయేనా? శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారము ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరము, 25 కిలోల పొటాషు, 1.2 కిలోల గంధకము, 400 కిలోల సేంద్రియ కర్బనము ఉండును. ఎకరమునకు రెండు టన్నుల గడ్డి పడినదనుకొన్నచో ఈ అంకెలను రెట్టింపు చేసికొనుడు. కాల్చినప్పుడు నత్రజని, కర్బనము దాదాపు పూర్తిగా గాలిలో కలిసిపోవును. పొటాషు చాలవరకు బూడిదలో మిగులును గాని, గాలి వీచినచో కొంత, తొలకరి వాన పడినచో కొంత కొట్టుకొని పోవును. ఒక చేత ఎరువు బస్తా కొని, మరియొక చేత ఎరువును కాల్చుట మన పని యగుచున్నది. నిప్పు గట్టు దాటి పొరుగువాని గడ్డివామిని, తాటిచెట్లను, బోరు పైపులను కాల్చిన సందర్భములు మీరెరుగనివి కావు.

అదే టన్ను గడ్డి కాలినప్పుడు సుమారు 3 కిలోల సూక్ష్మ ధూళి, 60 కిలోల కార్బన్ మోనాక్సైడు, 1,460 కిలోల బొగ్గుపులుసు వాయువు, 2 కిలోల గంధకపు వాయువు వెలువడును. ఈ ధూళిలో మిక్కిలి సన్ననిది తల వెంట్రుక మందములో ముప్పదవ వంతు మాత్రమే. ముక్కులోని వెంట్రుకలు దానిని ఆపలేవు. అది ఊపిరితిత్తుల లోతునకు, అచ్చటి నుండి రక్తములోనికి పోవును. ఉబ్బసపు రోగి, గర్భిణి, పసిబిడ్డ, మంచము పట్టిన వృద్ధుడు మొదట బాధపడుదురు. పాత డీజిలు ఇంజను విడుచు నల్లని పొగయు ఈ జాతిదే. పొలములోని పొగ కొన్ని దినములు, రోడ్డు మీది పొగ ఏడాది పొడుగునా మన ఇండ్లలోనికి వచ్చుచున్నవి.

ప్రభుత్వ ధనము ఎందుకు?

"నా పొలము, నా గడ్డి, ప్రభుత్వము డబ్బెందుకు ఇచ్చును?" అని కొందరు అడుగుదురు. "తప్పు చేయువానికి డబ్బిచ్చి మాన్పించుట యేమిటి?" అని మరికొందరు అడుగుదురు. రెండు ప్రశ్నలకును సమాధానమొకటియే. గడ్డిని కాల్చక నేలలో కలుపుటకు అగు ఖర్చు ఒక్క రైతుదే. దాని వలన కలుగు శుభ్రమైన గాలి అందరిదీ. లాభము అందరికిని, ఖర్చు ఒకరికిని అయినపుడు ఆ ఖర్చులో కొంత అందరి పక్షమున ప్రభుత్వము భరించుట న్యాయము. ఈ ధనము భిక్ష కాదు, యంత్రము కొన్నవారికి బహుమానము కాదు. లేవకుండ ఆగిన పొగకు సమాజము చెల్లించు వెల. ఈ ఒక్క మాటను మనస్సున నిలుపుకొన్నచో, ఏ రాయితీ సద్వినియోగమైనదో, ఏది వ్యర్థమైనదో మనమే తేల్చుకొనగలము.

పంజాబు నేర్పిన పాఠము

మన దేశములో ఈ ప్రశ్న తీవ్రముగా ఎదురైనది పంజాబు, హర్యానా రాష్ట్రములలో. అచ్చట వరి తరువాత గోధుమ వేయుదురు. భూగర్భ జలములు అడుగంటుచుండుటచే పంజాబు ప్రభుత్వము 2009 లో చట్టము చేసి, వరి నాట్లను జూన్ నెలలో నిర్ణీత తేదీకి ముందు వేయరాదని శాసించినది. నీటికి అది మేలు. కాని నాటు వెనుకబడగా కోతయు వెనుకబడినది. కోతకును గోధుమ విత్తనమునకును నడుమ రెండు మూడు వారములు మాత్రమే మిగిలినవి. ఆ కాలమున చలిగాలి కదలక నిలుచును గనుక పొగ పైకి పోక ఢిల్లీ వరకు గల మైదానమును క్రమ్మివేయుచుండెను. ఢిల్లీ గాలి చెడుటకు ఆ నగరపు వాహనములు, కర్మాగారములు, దుమ్ము కూడ కారణములే గాని, ఆ వారములలో పొలముల పొగ వాటికి తోడగుచుండెను.

మొదట జరిమానాలు వచ్చినవి. జాతీయ హరిత ట్రిబ్యునలు 2015 లో విస్తీర్ణమును బట్టి రూ. 2,500, రూ. 5,000, రూ. 15,000 చొప్పున నిర్ణయించినది. 2024 నవంబరులో కేంద్రము వీటిని రెట్టింపు చేసినది. కాని గడువు చాలని రైతునకు జరిమానా వలన గడువు పెరుగదు గదా! అందుచేత 2018 లో కేంద్ర ప్రభుత్వము యంత్రములకు రాయితీ ప్రవేశపెట్టినది. విడి రైతునకు ధరలో 50 శాతము. సహకార సంఘములకు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు, పంచాయతీలకు 80 శాతము. గడ్డిని తొలగింపకయే గోధుమను విత్తు హ్యాపీ సీడరు, గడ్డిని తరిగి పరచు మల్చరు, కట్టలు కట్టు బేలరు ఈ సాయముతో పొలములకు వచ్చినవి. కొన్ని యేండ్లలో మూడు లక్షలకు పైగా యంత్రములు చేరినవి.

అయినను పొగ వెంటనే ఆగలేదు. యంత్రము ఒకచోట, పొలము మరియొకచోట ఉండెను. అందరికిని అదే రెండు వారములలో కావలెను. మిగిలిన కాలమంతయు అది కొట్టములో నిలిచియుండును. పెద్ద ట్రాక్టరు లేని చిన్న రైతునకు వంతు చివర వచ్చుచుండెను. 2019 నవంబరులో సుప్రీంకోర్టు కాల్చని చిన్న, సన్నకారు రైతులకు క్వింటాలుకు 100 రూపాయల వంతున ఇమ్మని ఆదేశించినది. ఉద్దేశము గొప్పది. కాని ఎవరు కాల్చిరి, ఎవరు మానిరి అను నిర్ధారణ కష్టమైనది. పంట ముగిసిన పిదప వచ్చు డబ్బు, కోత నాడు యంత్రము అద్దెకు అక్కరకు రాదు.

ఈ అనుభవముతో 2023 లో పథకమునకు మార్పులు చేసిరి. గడ్డిని సేకరించి, నిలువ చేసి, వాడుకొను కర్మాగారములకు చేర్చు యంత్రముల కొరకు 65 శాతము ప్రభుత్వములు, 25 శాతము ఆ గడ్డిని కొను పరిశ్రమ, 10 శాతము రైతు సంఘము భరించు పద్ధతి వచ్చినది. గడ్డికి కొనుగోలుదారుని ముందుగా చూపుట ఇందలి విశేషము. ప్రభుత్వ లెక్కలో పంజాబున వరికోతల కాలమునందు కనబడిన మంటలు 2021 లో 71,304 కాగా, 2024 లో 10,909. ఉపగ్రహము దాటిపోయిన తరువాత సాయంకాలము పెట్టిన మంటలు ఈ లెక్కకు అందవు గనుక, అంకె తగ్గినంతగా పొగ తగ్గినదని చెప్పరాదు. అయినను మార్గము ఎటు పోవలెనో తెలిసినది.

పాత ఇంజను పోవలెను

ఇతర దేశములును ఈ త్రోవనే నడచుచున్నవి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున శాన్ వాకీన్ లోయ అను గొప్ప వ్యవసాయ సీమ కలదు. బాదము, ద్రాక్ష, పాడి అచ్చటి సంపద. చుట్టును కొండలుండుటచే పొగ బయటకు పోక లోయలోనే నిలుచును. ఆ రాష్ట్రము 1998 లో కార్ల్ మోయర్ పేరుతో ఒక సహాయ కార్యక్రమము ప్రారంభించినది. పాత డీజిలు ట్రాక్టరు, లారీ, నీటి ఇంజను గలవారు తక్కువ పొగ విడుచు దానిని తెచ్చుకొనుటకు ధనసాయము లభించును. కాని పాత దానికి బదులుగా క్రొత్తది తీసికొనువారు ఆ పాత యంత్రమును తిరిగి పనిచేయకుండ ధ్వంసము చేయింపవలెను. లేనిచో అది ప్రక్క ఊరికి పోయి అక్కడ పొగ విడుచును. ప్రజాధనముతో పొగను పొరుగూరికి పంపినట్లగును. ఆ లోయలోనే తోటల చెట్లను, కొమ్మలను తగులబెట్టుటను దాదాపు పూర్తిగా మాన్పుటకు 2025 జనవరి 1 ని గడువుగా పెట్టి, చెట్లను ముక్కలు చేసి నేలలో కలుపు రైతులకు సాయమొసగిరి.

ఈ నీతి మన బండ్లకును వర్తించును. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట క్రొత్త మోటారు వాహనములకు భారత్ స్టేజి ఆరవ ప్రమాణము అమలునకు వచ్చినది. డీజిలులోని గంధకము పదిలక్షల పాళ్ళలో 50 నుండి 10 కి తగ్గినది. 2023 జనవరి నుండి 50 అశ్వశక్తికి మించిన క్రొత్త ట్రాక్టర్లకును కఠినమైన ప్రమాణములు వచ్చినవి. అయినను పాత ఆటో, పాత లారీ తిరుగుచున్నంత కాలము మన ఊరి పొగ తగ్గదు. పాత వాహనమును ప్రభుత్వ గుర్తింపు గల తుక్కు కేంద్రమునకు అప్పగించి ధ్రువపత్రము పొందినవారికి, క్రొత్త వాహనపు పన్నులో సొంత బండికి 25 శాతము వరకు, రవాణా బండికి 15 శాతము వరకు తగ్గింపునకు 2021 నాటి కేంద్ర నిబంధనలు వీలు కల్పించినవి.

విద్యుత్ వాహనముల కొరకు కేంద్రము 2024 అక్టోబరు 1 న రూ. 10,900 కోట్లతో పి.ఎం. ఇ-డ్రైవ్ పథకమును ప్రారంభించినది. రెండు చక్రముల బండ్లకు, ఆటోలకు మొదటి సంవత్సరము ఇచ్చిన రాయితీని రెండవ సంవత్సరము సగమునకు తగ్గించిరి. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో విద్యుత్ వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు 31 వరకు మాఫీ చేసినది. ఇట్టి సాయములకు గడువులుండును, మొత్తములు మారుచుండును. కావున కొనబోవు దినమున ఏ రాయితీ అమలులో నున్నదో రవాణా కార్యాలయమున విచారించి కొనుడు. దుకాణదారుని మాట మీదనే ఆధారపడవలదు.

నీటి ఇంజనుల సంగతి కూడ మరువరాదు. మన రాష్ట్రములలో బోర్లు చాలవరకు కరెంటుతో నడచుచున్నవి గాని, కరెంటు తీగ చేరని చెలకలలో, వాగుల ఒడ్డున డీజిలు ఇంజనులు ఇంకను పొగ విడుచుచున్నవి. 2019 లో ఆరంభమైన పి.ఎం. కుసుమ్ పథకమున 7.5 అశ్వశక్తి వరకు గల సౌర పంపునకు 30 శాతము కేంద్రము, 30 శాతము రాష్ట్రము, తక్కినది రైతు భరించు ఏర్పాటు చేసిరి. ఎండ ఊరకే వచ్చుచున్నదని నీటిని మాత్రము ఊరక పారింపరాదు.

మన ఊరు చేయవలసినది

మిత్రులారా, పంజాబునకు ఇచ్చిన గడ్డి యంత్రముల పథకము ప్రధానముగా ఉత్తరాది రాష్ట్రముల కొరకు ఏర్పడినది. మనకు 2014–15 లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషను క్రింద యంత్రమును, రైతు వర్గమును బట్టి 40 నుండి 50 శాతము వరకు రాయితీ పొందు వీలు కలిగినది. యంత్రములను అద్దెకిచ్చు కేంద్రములకును అందు సాయమున్నది. ఏ యంత్రమునకు, ఎవరికి, ఎంత అను వివరములను మండల వ్యవసాయాధికారి తెలుపగలరు. అయితే పంజాబు చేసిన పొరపాటు మనము చేయరాదు. ఒక యంత్రము కొని, పూలదండ వేసి, సంఘ భవనము ముందు నిలిపినంత మాత్రమున పొగ ఆగదు.

ఒక చిన్న లెక్క వేయుదము. ఊరిలో 480 ఎకరముల వరి ఉన్నదనుకొనుడు. కోతకును నాటుకును నడుమ 20 దినములు ఉన్నవి. ఒక యంత్రము దినమునకు 8 ఎకరములు చేసినచో 20 దినములలో 160 ఎకరములు. అనగా మూడు యంత్రములు కావలెను. ఒక్కటియే ఉన్నచో 320 ఎకరములకు అగ్గిపుల్లయే గతి. ఈ లెక్కను కోతకు ముందే పంచాయతీలో కూర్చుండి వేసికొనవలెను. హార్వెస్టరు ఏ చెరువు క్రింద ఎప్పుడు దిగునో దానిని బట్టి వంతుల పట్టిక వ్రాసి, పంచాయతీ కార్యాలయపు గోడకు అంటింపవలెను. ఆ పట్టికలో చిన్న కమతముల వారి పేర్లు ముందుండవలెను. పెద్ద రైతు పది దినములు ఆగగలడు, లేదా వేరొక ట్రాక్టరు తెచ్చుకొనగలడు. మూడెకరముల వాడు ఆగలేడు. అద్దెను ధాన్యపు డబ్బు ఖాతాలో పడిన తరువాత చెల్లించునట్లు సంఘము ఏర్పాటు చేసినచో, అతని చేతికి అగ్గిపెట్టె అవసరముండదు.

గడ్డిని అమ్ముకొను దారియు వెదకవలెను. పాడి పశువులు గల ఊళ్ళకు, పుట్టగొడుగులు పెంచువారికి గడ్డి కావలెను. బేలరుతో కట్టలు కట్టించినచో రవాణా సులభము. సార్వా, దాళ్వా నడుమ వ్యవధి లేనిచోట గడ్డిని ఎత్తించి, కొయ్యకాళ్ళను మాత్రము సూపర్ ఫాస్ఫేటు చల్లి, నీరు పెట్టి, దమ్ములో కలియ దున్నుట మంచిది. మోతాదును వ్యవసాయ విస్తరణాధికారిని అడిగి తెలిసికొనుడు.

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగింతుము. మంజూరు ఉత్తర్వు రాకముందే యంత్రము కొనవలదు. అట్లు కొన్నచో రాయితీ చేజారవచ్చును. రాయితీ పోగా మిగిలిన ధరను బజారు ధరతో పోల్చి చూడుడు; రాయితీ వచ్చునని ధర పెంచు వారును ఉండవచ్చును. దరఖాస్తు వ్రాయించు నెపమున వాటా అడుగు దళారిని దరికి రానీయవలదు. డబ్బు అవసరము లేని పనులును కొన్ని కలవు. ట్రాక్టరు గాలి ఫిల్టరును వేళకు శుభ్రపరచుట, నాజిళ్ళను పరీక్షింపించుట, డీజిలులో కిరోసిన్ కలుపకుండుట, బండికి పొగ పరీక్ష చేయించుట అట్టివి. వీని వలన పొగయు తగ్గును, నూనెయు మిగులును.

కాలువ క్రింది పల్లెలో మమ్ము ప్రశ్నించిన ఆ రైతునకు ఇప్పుడు చెప్పవలసినది ఇది: "అయ్యా, నీవు అడిగినది సబబే. తప్పు నీ ఒక్కనిది కాదు. నీ పొలమునకు యంత్రము ఏ దినమున వచ్చునో కోతకు ముందే నీకు చెప్పవలసిన బాధ్యత ఊరిది. ఊరికి యంత్రము సమకూర్చుటకు తోడ్పడవలసిన బాధ్యత ప్రభుత్వముది. ఆ దినము వరకు నిప్పు పెట్టక ఆగవలసిన బాధ్యత నీది." ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినను తక్కిన రెండును వ్యర్థమగును. రాబోవు కోతలకు ముందు ప్రతి పంచాయతీ ఒక సాయంకాలము కూర్చుండి తన ఎకరములను, తన యంత్రములను, తన దినములను లెక్కించుకొనవలెనని కోరుచున్నాము. మన బిడ్డలు పీల్చు గాలి ఆ సాయంకాలపు లెక్కలో ఉన్నది.